బ్విండిలో హెలికాప్టర్

రెక్కలుండవు, రొద ఉండదు.
వెదురుబద్దల అల్లిక, రెండు పొడుగు కర్రలు,
నాలుగు భుజాలు.
ఎక్కినవాళ్ళు నవ్వాలని
హెలికాప్టర్ అని పేరు పెట్టాడు టిబమన్య.
మా అమ్మ నాటి పేరు ఎంగోజి.

ఎంగోజి ఎక్కి నవ్వినవాళ్ళు లేరు.
నెలలు నిండినవాళ్ళు, పాము కరిచినవాళ్ళు,
చలిజ్వరంతో పళ్ళు కొరికేవాళ్ళు.
మా కొండకు రోడ్డు లేదు కనుక
ప్రతి ఇల్లూ ఒక భుజం బాకీ.
మోయడానికి రాని ఇంటికి
జరిమానా ఒక కుండ జొన్నకల్లు.

ఇవాళ ఎక్కింది డెబ్బై తొమ్మిదేళ్ళావిడ.
పేరు హెడ్విగ్. మోకాళ్ళు రెండూ ఇనుపవట,
దొంగతనం ఒప్పుకున్నట్టు తనే చెప్పింది.
మలుపు మలుపుకీ అడుగుతుంది
"బరువుగా ఉన్నానా?"
"ఈక, అమ్మా, ఈక" అంటాడు టిబమన్య.
అతని మెడనరం తాడులా లేచి ఉంటుంది.

నాది ఎడమ వెనక భుజం.
అక్కణ్ణించి కనబడేది తెల్లజుట్టు, టోపీ అంచు,
దాని మీద తిరుగుతున్న ఒక గండుచీమ.
చెప్పనా వద్దా అని
రెండు వాగులు దాటేదాకా ఆలోచించాను.

అబద్ధం. ఆలోచించింది కెన్యాంగి గురించి.
ఇదే బాట కింది కొస, ఇదే వెదురు,
వానలో నాలుగు గంటలు.
ఆ రాత్రి నేను ఏ భుజమూ కాదు.
మొగుడి చేతులు వణుకుతాయని
మోయనివ్వలేదు. లాంతరు పట్టుకుని ముందు నడిచాను.
బరువుగా ఉన్నానా అని
ఆమె ఒక్కసారీ అడగలేదు.
ఆసుపత్రి మెట్ల దగ్గర మాత్రం
"దించండి, చాలు" అంది.

పిల్ల బతికింది.
దాని బడి ఫీజు ఈ కర్రల కిందే పుడుతుంది.

గైడు చెయ్యెత్తాడు. దించాం.
ఇక్కణ్ణించి మోతవాళ్ళు రాకూడదు.
మూతికి మాస్కు కట్టుకుని ఆవిడ
ఇద్దరు రేంజర్ల చేతులు పట్టుకుని ఆకుల్లోకి వెళ్ళింది.
ఆమెకు ఒక గంట. గంటంటే గంటే.
ఆ గంట ఖరీదెన్ని మేకలో
టిబమన్య వేళ్ళు మడుస్తూ పోయాడు,
వేళ్ళు అయిపోయాయి.
సంచుల పక్కన కూర్చుని
చల్లారిన చిలగడదుంపలు ఒలుచుకున్నాం.

ఏడేళ్ళుగా మోస్తున్నాను.
ఆ ఆకుల అవతలికి ఒక్కనాడూ వెళ్ళలేదు.
వాసన వస్తుంది. ఒక్కోసారి
రొమ్ము బాదుకునే చప్పుడు.

తిరిగొచ్చింది.
మాస్కు తీయడం మరిచి ఏడుస్తోంది.
దిగే దారిలో వెనక్కి తిరిగి
దోసిట్లో నీళ్ళు పట్టుకొచ్చినట్టు
ఫోను నాకు చూపింది.
"మహారాజు! నువ్వెప్పుడైనా దగ్గర్నించి చూశావా?"

చూశాను.
కుడిచెవికి ఆ నొక్కు. వీడే.
వీపింకా నల్లగా ఉన్ననాటి నుంచీ ఎరుగుదును.
పోయిన వానల్లో, తెల్లారకముందే,
నా తోటలో పదకొండు అరటిచెట్లు విరిచి
దూట నమిలాడు.
డబ్బా కొట్టాను. కదల్లేదు.
రాయి తీశాను. రాయి విసిరితే జైలు.
చివరికి నేనూ కూర్చున్నాను,
మాస్కు లేదు, టికెట్టు లేదు,
పొద్దెక్కేదాకా నా పంట నా చెవులతో విన్నాను.
లేచి వెళ్తూ ఒకసారి చూశాడు.
అప్పున్నవాడి చూపు కాదది.
గట్టు పక్క పొలంవాడి చూపు.

ఇదంతా చెప్పడానికి నా ఇంగ్లీషు చాలదు.
"లేదమ్మా" అన్నాను.
"అయ్యో" అని
ఆవిడ ఫోను ఇంకాస్త దగ్గరికి పట్టింది.

రోడ్డు దగ్గర దించుతుంటే మళ్ళీ అదే ప్రశ్న.
"ఉన్నారు" అన్నాను.
టిబమన్య నా కాలు తొక్కాడు.
ఆవిడ, పొద్దుట్నించి మొదటిసారి, పకపకా నవ్వింది.

చీమ ఎక్కడ దిగిందో చూసుకోలేదు.
తుర్యహేబ్వ తల్లికి ఊపిరాడటంలేదట,
కర్రలు విప్పొద్దని
పైనుంచి కేక వినబడింది.